ఓబులేసన్న అతికించమన్న స్టిక్కర్లు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి రాకముందు నేను అక్కడి షువైఖ్ అనే పేటలో కరెంటు సామాన్ల గోడౌన్‌లో పనిచేసేవాణ్ణి. సూపర్‌వైజర్ ఓబులేసన్నదీ మా కడపే. అప్పటికే అంగళ్లకు పోయిన కరెంటు పొయ్యిల మీద, టెస్టు పాసైనట్టు చూపే సేఫ్టీ స్టిక్కర్లు తప్పు పడ్డాయని, నన్ను అంగడంగడికీ తిప్పి కొత్తవి అతికించమన్నాడు.

"సరుకు బంగారం రా అబ్బీ, స్టిక్కరే తప్పు" అన్నాడు. నమ్మాను.

యుద్ధమొచ్చాక గ్యాస్ దొరకలేదు. గోడౌన్‌లో మిగిలిన పొయ్యి ఒకటి రూముకు తెచ్చి ఎసరు పెట్టాను. గిన్నె ముట్టుకోగానే షాక్ కొట్టి, చెయ్యి కాలి వెల్లకిలా పడ్డాను.

పక్క రూములో ఉండే ఓబులేసన్న పరుగున వచ్చి ప్లగ్గు పీకేశాడు. "దీన్నెందుకు తెచ్చినావురా? టెస్టులో ఫెయిలైన సరుకిది!" అని నన్నే తిట్టాడు.

"మరి అంగళ్లలో అమ్మినవి?"

"కొనేది మనోళ్లా ఏంది? నీకెందుకు!"

చెయ్యి నయమైంది. ఆయన్ని మాత్రం మళ్లీ అన్నా అని పిలవలేదు. నేనతికించిన స్టిక్కర్‌ను నమ్మి కొన్నవాళ్లు నన్నేమని తిట్టుకున్నారో!