తెర మీద దొరకని అమ్మోరు

గ్రాఫిక్సు సినిమాలంటే నేను చెవి కోసుకునేవాణ్ణి. కన్ను కోయించుకున్నది మాత్రం మా అమ్మ. శుక్లం తీశారు. నల్లద్దాలు ఇక అక్కర్లేదని డాక్టరు చెప్పగానే, కోటబొమ్మాళి నుంచి శ్రీకాకుళం తీసుకెళ్ళి అమ్మవారి సినిమాలో కూర్చోబెట్టాను. కొత్త చూపుకి మొదటి విందు పెద్ద తెర మీదే జరగాలని నా ఆశ.

అమ్మ కొంగు ముడిలో కర్పూరం, అగ్గిపెట్టె. మా వైపు డేరా హాళ్ళ రోజుల్లో తెర మీద అమ్మవారు కనబడితే చాలు, నేల టిక్కెట్టు ఆడవాళ్ళంతా లేచి హారతి పట్టేవారు. ఆ కిరీటం అట్టముక్కేనని అప్పట్లో నేను మేధావిలా నవ్వితే, నా వీపు విమానం మోత మోగింది.

ఇప్పుడు తెర మీద చీకట్లో కోట కూలుతోంది. పొగ, దుమ్ము, ఎగిరే రాళ్ళు. ముందు వరసలో సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు.

"ఏదిరా అమ్మోరు?"

"అదిగో, ఆ మధ్యలో."

"అక్కడ బూడిదే కదేటి."

అమ్మ అరచేత్తో ఒక కన్ను మూసి చూసింది. తర్వాత రెండోది మూసి చూసింది. నా మణికట్టు పట్టుకుంది.

"ఒరే, నా కన్ను పోనాదేటిరా? ఆపరేసన్ సెడిపోనాదేటి?"

నిజానికి నాకూ ఏమీ కనబడలేదు. కోట్లు పోసిన బొమ్మ కదా, కనబడలేదంటే పరువు తక్కువని ఊరికే అన్నాను. కర్పూరం వెలగలేదు గానీ నా ఒళ్ళు మండింది. బొమ్మ కుదరని చోటల్లా చీకటి పులిమేసి, అద్భుతం చూడండని మన మొహాన కొడతారా? వాళ్ళ చేతగానితనానికి మా అమ్మ తన కన్నుని అనుమానించుకోవాలా? విశ్రాంతి దాకా కూడా ఆగలేదు. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను.

ఎండకి అమ్మ కళ్ళు చిట్లించింది. గేటు దగ్గర ముంజెలు అమ్ముతున్న ఆవిడ వంక చాలాసేపు చూసింది.

"దాని ముక్కుపుడకకి రాయి నేదురా," అంది.

వెళ్ళి చూశాను. లేదు.

"అయితే కన్ను బాగానే ఉన్నాది. మరి అన్ని కోట్లెట్టి సీకటి కొన్నారేటిరా?"

గోడ మీద సినిమా పోస్టరు. అందులో అమ్మవారికి ముఖం ఉంది, ఇటే చూస్తున్న కళ్ళున్నాయి. అమ్మ కొంగు ముడి విప్పి, గోడ వారన కర్పూరం వెలిగించింది. కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు.

"ఏటమ్మా ఇది? అమ్మోరిని లోపలికెల్లి సూసుకో."

"లోపల నేదు నాయనా. సూసే వస్తన్నాం."

అతను నా వంక చూశాడు. నేను మంట ఆరిపోకుండా గాలికి రెండు చేతులూ అడ్డం పెట్టాను.