ఫొటోకు వేసిన దండ

సరిహద్దులో యుద్ధం మొదలైన వారంలోనే మా ఫిల్మ్‌నగర్ నిర్మాత ఒకాయన జవాన్ల కుటుంబాలకు బియ్యం, చీరలు పంచారు. మా ఇంట్లో వంట చేసే ఆవిడ కొడుకు సైన్యంలో ఉన్నాడు. ఆవిడనూ రమ్మన్నారు. వచ్చేటప్పుడు అబ్బాయి ఫొటో తెమ్మన్నారు. షేక్‌పేట నుంచి ఫ్రేము కట్టిన ఫొటోను కొంగు కప్పి పట్టుకెళ్లింది.

సాయంత్రం టీవీలో చూశాను. నిర్మాత బియ్యం బస్తా మీద చెయ్యి వేసి నిలబడ్డారు. పక్కన ఆవిడ. బల్ల మీద అబ్బాయి ఫొటో, దానికి చామంతి దండ. కింద ‘అమర జవాను తల్లికి అండ’ అని అక్షరాలు కదులుతున్నాయి.

మర్నాడు ఆవిడ వంటింట్లోకి రాలేదు. గుమ్మంలోనే ఆగిపోయింది.

“సారూ, గాళ్లు దండేస్తుంటే వద్దన్న. ‘ఊకో అమ్మా, టీవీల నిండుగ కనవడ్తది’ అన్నరు. గా టీవీ చూసి మా కోడలు ఊర్లె సొమ్మసిల్లి పడ్డదట. పిలగాని ఫోను నాల్గొద్దులాయె, కలుస్తలేదు. జర చెప్పి గా దండ తీపియ్యుండ్రి.”

“అబ్బాయి క్షేమంగానే ఉంటాడమ్మా. దండదేముంది?”

“ఏమో సారూ. దండెయ్యక ముందు నేను గూడ గట్లనే అనుకున్న.”

ఉద్యోగమంతా ఇతరుల చిత్తుప్రతులు దిద్దిన వాణ్ణి. ఇదీ ఒక దిద్దుబాటే అనుకుని జూబ్లీహిల్స్‌లోని ఆ చానల్ ఆఫీసుకు వెళ్లాను. డెస్కులో కూర్చున్న అమ్మాయి మర్యాదగా మంచినీళ్లిచ్చి, అంతా విని, నా ముందే మార్చింది.

“చూడండి అంకుల్, ‘అమర’ తీసేసి ‘వీర’ అని పెట్టేశాం.”

“మరి దండ?”

“అది విజువల్‌లో ఉంది కదండీ, తీయలేం. మా దగ్గరున్నది ఆ ఒక్క షాటే. సార్ మాట్లాడింది కూడా అందులోనే ఉంది.”

సార్ అంటే నిర్మాత.

“పోనీ, ఆ వార్తే ఆపేయొచ్చు కదమ్మా?”

“మంచి పని చేశారండీ ఆయన. ఆపితే ఏం బాగుంటుంది?”

నిజమే, ఆయన ఇచ్చింది మంచి బియ్యమే. గ్లాసు అక్కడ పెట్టి లేచాను.

ఆవిడ మా గేటు దగ్గరే ఎదురుచూస్తోంది.

“తీసిన్రా సారూ?”

“అమర అన్న మాట తీసేశారమ్మా.”

“నాకు సదువు రాదు గద. దండ?”

నేను గేటు తీసి పట్టుకున్నాను. ఆవిడ లోపలికి వచ్చి చేతులు కడుక్కుని కూర తరగడానికి కూర్చుంది. ఫోను పక్కనే నేల మీద పెట్టుకుంది. నేను టీవీ కట్టేశాను. కింద వాచ్‌మన్ గదిలో అదే వార్త వినిపిస్తూనే ఉంది.