మూడో రీలు ముందు ఆడిన ఆదివారం

1967లో నన్ను నిజామాబాద్ ప్రచార శాఖ కార్యాలయంలో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా వేశారు. పేరు గొప్పదే గానీ, హోదా అటెండరుకు ఒక మెట్టు పైన, గుమాస్తాకు ఒక మెట్టు కింద. రెండేళ్లు ప్రొబేషన్. అది ముగిసే నెలలోనే బోధన్ కాలేజీలో ఒక ఇంగ్లీషు సినిమా ఆడించే పని పడింది. విద్యార్థులకు పాఠ్యపుస్తకంగా ఉన్న పాత నవలను బ్రిటన్ వాళ్లు సినిమాగా తీశారు. చూడటానికి మా అధికారి కూడా వస్తానన్నారు. నా ఉద్యోగం ఖాయం చేసే ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. భయం లేదంటే అబద్ధం.

ఆదివారం పొద్దున హాలు కిటికీలకు చక్కెర గోనెసంచులు కట్టి చీకటి చేశాం. ఇంగ్లీషు లెక్చరర్ ఖాజా సాబ్ మైకు పట్టుకుని నా పక్కనే కూర్చున్నారు. ఇంగ్లీషు బొమ్మ ఆడుతుంటే ఒకరు కథను తెలుగులో చెప్పడం అప్పట్లో మా దగ్గర రివాజు.

సినిమా నాలుగు రీళ్లు, నాలుగు రేకు డబ్బాలు. రీలు మొదట్లో లీడర్ అనే బొమ్మల్లేని ముక్క ఉంటుంది. అసలు నంబరు దాని మీదే ఉంటుంది, అది చూసే ఎక్కించాలి. నేను డబ్బా మూత మీది నంబరు చూసి ఎక్కించాను. ఎంత తెలివితక్కువ పని! మొదటి రీలులో కథానాయికకు ఒక పెద్దింటాయనంటే అస్సలు పడదు. తర్వాతి రీలు మొదలవగానే ఆయనతోనే చర్చిలో పెళ్లి!

ఖాజా సాబ్ మైకుకు చెయ్యి అడ్డం పెట్టారు. "రాజన్నా, గిది మూడో రీలు. రెండోది ఏడవాయె?"

"కొంప మునిగింది సాబ్! ఆపాల్నా?"

"ఆపితే అందరికి తెలుస్తది. నడవనీ, నేను సంభాళిస్త."

వెంటనే మైకులో, "ఇప్పుడు మీరు చూసేదంత ఆ పిల్లకు పడ్డ కల" అని చెప్పేశారు. తర్వాత రెండో రీలు ఎక్కించి వాళ్ల గొడవలన్నీ చూపించాను. నాలుగో రీలులో ఇద్దరూ మొగుడూ పెళ్లాలై కనిపించగానే, "కలల ఎట్లయిందో గట్లనే లగ్గమైంది" అన్నారాయన. పుస్తకం చదవనివాళ్లే ఎక్కువేమో, చప్పట్లు మోగాయి. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు అధికారి పిలిచారు. "మస్తుగున్నది రాజన్నా. వచ్చే ఐతారం ఆఫీసర్ల క్లబ్బుల గూడ ఆడియ్యి. ఆ కల సీను మా ఇంట్లోళ్లు చూడాలె."

సరైన వరసలో ఆడిస్తే కల ఉండదు, తప్పు వరసలో ఆడిస్తే క్లబ్బులో కథ తెలిసినవాళ్లు పట్టేస్తారు. లీడర్ చూడలేదనీ, డబ్బాల మూతలు తారుమారయ్యాయనీ, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన డీలా పడిన ముఖంతో అడిగారు. "అంటే, అది కల కాదా?"

"కాదు సార్."

ఫైలు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు. "మల్ల ఎప్పుడన్న గిట్ల చేస్తే ఊకోను. క్లబ్బుల మాత్రం గట్లనే ఆడియ్యి. ఖాజా సాబ్‌ను తోల్కరా."

ఆ తర్వాత ఎన్నో సినిమాలు ఆడించాను. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. దానివల్ల నేర్చుకున్నవి రెండు. మూత మీది నంబరు చూసి రీలు ఎక్కించకూడదు. తప్పు జరిగితే, పై అధికారికి ఇంకొకరు చెప్పకముందే మనం చెప్పాలి.