ఫ్రూ గ్రామ్ గారి క్రోమియం

కోపెన్‌హేగెన్‌లో మేం రసాయనశాస్త్రం చదువుకున్న రోజుల్లో, మా క్యాంటీన్‌లో తనకి నచ్చిన కుర్చీలో కూర్చుని భోంచేసిన మనిషి ఒక్కడూ లేడు. ఎవరెక్కడ కూర్చోవాలో క్యాంటీన్ నడిపే ఫ్రూ గ్రామ్ (ఫ్రూ అంటే డేనిష్‌లో శ్రీమతి) చెప్పేది. ఆవిడకి పరమాణువు చెప్పేది. కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు ఏ వరసలో చోటు పట్టుకుంటాయో మేమూ ఆ వరసలోనే పట్టుకోవాలి. ఆకలికీ, స్నేహానికీ, హోదాకీ అక్కడ మినహాయింపు లేదు.

పేరు గ్రామ్ గానీ మనిషి తొంభై కిలోలకి ఒక్క గ్రాము తగ్గదు. ఎర్రటి బుగ్గలు, ముడతలు పడని తెల్ల ఏప్రన్, చేతిలో ఎప్పుడూ చెక్క గరిటె. ఆవిడ కాలేజీ మెట్లెక్కి ఒక్క రోజూ చదువుకోలేదు. కానీ వంటగదికీ లెక్చర్ హాలుకీ మధ్య ఉన్నది పలచటి చెక్కపలకల గోడ. ప్రతి సెప్టెంబర్‌లోనూ ప్రొఫెసర్ హోల్బెక్ పరమాణువు పాఠం చెప్పడం, ఇవతల ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ వినడం. "పదిహేడేళ్ళు విన్నాను. మీరేమో ఒక్కసారి విని పాసైపోదామనుకుంటారు" అని మమ్మల్ని దెప్పేది.

క్యాంటీన్‌లో పదిహేను చిన్న బల్లలు. బల్లకి రెండే కుర్చీలు, ఎదురెదురుగా. వంటగది కిటికీ దగ్గర ఒక్క బల్ల. దాని వెనక ఒకటి, పక్కన మూడు. ఇంకా వెనక మళ్ళీ ఒకటి, మూడు. తర్వాత తలుపు పక్కన ఒంటరిగా ఒకటి. చిట్టచివర గోడవారగా అయిదు. వంటగది దగ్గరవి ముందు నిండాలి, దూరపువి తర్వాత. ఆ బల్లలు అలా వేయించడానికి ఆవిడ వడ్రంగితో మూడు నెలలు పోట్లాడిందట.

నేను బోర్న్‌హోమ్ ద్వీపం నుంచి వచ్చి చేరింది 1951లో. మొదటిరోజు నాతోపాటు హాస్టల్‌లో ఉండే అమ్మాయి ఒక బల్ల దగ్గర కూర్చుంటే, నేను వెళ్ళి ఆమె ఎదుటి కుర్చీ లాగాను. వెనకనుంచి గరిటె చప్పుడు.

"అమ్మాయ్! నువ్వెన్నోదానివి?"

"నేను ఆస్లౌనండీ. బోర్న్‌హోమ్ నుంచి..."

"ఎలక్ట్రాన్‌కి పేరూ ఊరూ ఉండవు. లోపలికొచ్చిన వాళ్ళలో ఎన్నోదానివి అంటున్నా."

"తెలీదండీ."

"ఏడోదానివి. అదిగో, ఆ మూడింటిలో చివరి బల్ల ఖాళీ. అక్కడికి పద."

"ఇక్కడ మా స్నేహితురాలు ఉందండీ."

"పక్కన బల్ల ఖాళీగా ఉండగా ఇంకొకళ్ళ మీదపడి జతకట్టే ఎలక్ట్రాన్‌ని నువ్వెక్కడైనా చూశావా? ఒకే గుంపులోని బల్లలకి ముందు తలా ఒకరు. అన్నిటికీ ఒక్కొక్కరు వచ్చాకే రెండోవాళ్ళు. రేపు హోల్బెక్ గారు ఇదే అడుగుతారు, రాసిపెట్టుకో!"

మర్నాడు ఆయన నిజంగానే అడిగారు. చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. ఆ ఏడాది నాకు తెలిసిన మొట్టమొదటి జవాబు అదే. చాలాకాలం వరకూ ఆఖరిదీ అదే.

మా సీనియర్లలో పెళ్ళి కుదిరిన జంట ఒకటుండేది. వాళ్ళు ఎదురెదురు కుర్చీల్లో కూర్చోలేక, ఒక కుర్చీని లాక్కొచ్చి పక్కపక్కన కూర్చున్నారు. గరిటె లేచింది. "ఒకే బల్ల దగ్గర ఇద్దరూ ఒకే వైపు తిరగడానికి వీల్లేదు. ఒకరిటు, ఒకరటు. ప్రకృతి ఒప్పుకోదు!" అబ్బాయి బతిమాలాడు: "ఫ్రూ గ్రామ్, వచ్చే నెలలో మా పెళ్ళండీ." "పెళ్ళయ్యాక చూడు, మీరే అటొకరూ ఇటొకరూ తిరుగుతారు" అంది ఆవిడ. వాళ్ళ పెళ్ళికి ఆవిడని పిలవడానికి ఇద్దరూ జంకారు. ఆవిడ మేనకోడలి పెళ్ళిలో చర్చికొచ్చిన వాళ్ళందరినీ బెంచీకి ఒక్కరు చొప్పున కూర్చోబెట్టి, పాదిరీగారిని అరగంట నిలబెట్టిన సంగతి అప్పటికే ఊరంతా పాకింది మరి. ఆ రోజు పెళ్ళికూతురి అమ్మా నాన్నా వేరువేరు బెంచీల్లో పడ్డారట. ముప్ఫయ్యేళ్ళలో అంత ప్రశాంతంగా ఎప్పుడూ ప్రార్థన చేసుకోలేదని ఇద్దరూ విడివిడిగా ఆవిడకి థాంక్స్ చెప్పుకున్నారట.

ఒకసారి విశ్వవిద్యాలయం అధిపతి రెక్టర్ గారే భోజనానికొచ్చారు. పొడుగు టోపీ, వెండి పొన్ను కర్ర.

"పదహారు" అంది ఫ్రూ గ్రామ్.

"నేను రెక్టర్నమ్మా."

"చిత్తం. పదహారోవారు. పదమూడోవాడి ఎదురుగా కూర్చోండి."

పదమూడోవాడు మొదటి ఏడాది కుర్రాడు. పాపం, రెక్టర్ గారి ఎదురుగా ఊరవేసిన బీట్‌రూట్ ముక్క నమలలేక, మింగలేక, భోజనం అయ్యేదాకా బుగ్గలోనే దాచుకున్నాడు. ఆయన వెళ్ళాక మేం భయపడుతూ అడిగాం, ఉద్యోగం ఊడదా అని. ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఎందుకూడుతుంది? ఎలక్ట్రాన్లన్నీ ఒకటే. పెద్దా చిన్నా గుర్తుపట్టడానికి వాటికి టోపీలుండవు."

ఇంత నిక్కచ్చి మనిషికీ ఒక బలహీనత ఉండేది. అది క్రోమియం.

ఇరవై నాలుగో మూలకం క్రోమియం. లెక్కప్రకారం తలుపు పక్క బల్ల దగ్గర ఇద్దరూ, గోడవారన ఉన్న అయిదింటిలో నలుగురూ ఉండాలి. కానీ క్రోమియంలో తలుపు దగ్గరి ఎలక్ట్రాన్ ఒకటి లేచి, గోడవారన ఖాళీగా ఉన్న అయిదో చోటుకి వెళ్ళిపోతుంది. అలా తలా ఒకటి ఉంటేనే దానికి నెమ్మది. ఈ మాట గోడవతల నుంచి మొదటిసారి విన్న రోజున ఆవిడ బఠాణీ సూప్ మాడ్చేసిందని చెప్పుకునేవారు. అప్పట్నుంచీ ఇరవై నాలుగు మంది ఉన్నా లేకపోయినా, ఉన్నట్టుండి "క్రోమియం!" అని కేకేసి, ఎవరో ఒకరిని ప్లేటుతో సహా లేపి, ఇంకెవరి ఎదురుగానో కూర్చోబెట్టేది.

ప్రొఫెసర్ హోల్బెక్ సన్నటి మనిషి. భార్య పోయాక మధ్యాహ్నాలు అక్కడే తినేవారు. ఆయనకి ఇది ముల్లులా గుచ్చుకునేది.

"ఫ్రూ గ్రామ్, మూలకాల పట్టిక మొత్తానికి క్రోమియం ఒక్కటేనండీ. మీ క్యాంటీన్‌లో రోజుకి ఎనిమిది తగులుతున్నాయి."

"మీ పట్టికలో వాళ్ళు భోంచెయ్యరు కదండీ, ప్రొఫెసర్ గారూ."

"పైగా ఆ ఎలక్ట్రాన్ ఖాళీ చోటుకి వెళ్ళాలి. మీరు తీసుకెళ్ళి జత చేస్తున్నారు. అది క్రోమియం కాదు, రాగి."

"ఏదో ఒక లోహం! సూప్ తాగండి."

ఆ లోహం నా నెత్తిన పడింది అక్టోబర్‌లో.

అప్పటికి నేను రెండు పరీక్షలు తప్పాను. మా ద్వీపం యాసలో నోరు విప్పితే క్లాసంతా నవ్వేది. అందుకని నోరు విప్పడం మానేశాను. క్యాంటీన్‌కి కావాలనే ఆలస్యంగా, పద్దెనిమిది మంది కూర్చునేదాకా ఆగి, పందొమ్మిదోదానిగా వచ్చేదాన్ని. పందొమ్మిదో చోటు తలుపు పక్క ఒంటరి బల్ల. ఇరవయ్యోవాళ్ళు వచ్చేలోపు గబగబా తినేసి పారిపోవచ్చు. ఆవిడ పాఠం నాకు ఆ మేరకు బాగానే ఒంటబట్టింది.

ఒకరోజు ఇంకా రెండో రొట్టె కొరకనే లేదు, "క్రోమియం!"

తలెత్తితే గరిటె నావైపే ఉంది. తీసుకెళ్ళి గోడవారన ప్రెబెన్ ఎదురుగా కూర్చోబెట్టింది. ప్రెబెన్ అంటే కోపెన్‌హేగెన్ షోకిల్లారాయుడు. సిల్కు మెడపట్టీ, నూనె రాసి దువ్విన జుట్టు, పొద్దున్న లేచింది మొదలు ఆగని వాగుడు. నా యాస విని అందరికంటే గట్టిగా నవ్వింది కూడా అతనే.

"ఏంటి, మీ ద్వీపంలో చేపని కూడా అలా రాగం తీసే పిలుస్తారా?" అన్నాడు.

"పిలవం. తింటాం" అని ప్లేటులోకి తలదించుకున్నాను.

మర్నాడు మళ్ళీ క్రోమియం. ఆ మర్నాడూ. మూడు వారాలు ఆ రాయుడి ఎదురుగానే నా భోజనం. అందరూ నావైపే చూస్తున్నట్టుండేది. దిక్కులేనిదాన్ని చూసి క్యాంటీన్ ఆవిడ జాలిపడుతోంది, అది ఊరంతా చూస్తోంది అనుకుంటే ముద్ద గొంతు దిగేది కాదు. అబద్ధమెందుకు, దిగేది. దిగాక బాధగా ఉండేది.

ఒక శుక్రవారం పెట్టె సర్దేశాను. ఆ సాయంత్రం పడవకి టికెట్ కొన్నాను. వెళ్ళేముందు ఆవిడని నాలుగు మాటలు అని పోదామని వంటగదిలోకి వెళ్ళాను. ఆవిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"నేను ఇంటికెళ్ళిపోతున్నానండీ. చదువు మానేస్తున్నా. ఒక్కమాట అడిగి పోదామని వచ్చా. నామీద మీకెందుకంత జాలి? నేనేం అడిగానా మిమ్మల్ని?"

ఆవిడ కత్తి ఆపి నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"నీమీద జాలా? నీకేం పిల్లా, గుండ్రాయిలా ఉన్నావు! నిన్ను పెట్టింది వాడికోసం."

"ఎవరికోసం?"

"ఆ ప్రెబెన్ గాడికోసం. ఆగస్టులో వాళ్ళమ్మ పోయింది. ఒక్కళ్ళకి చెప్పలేదు. వాడి ప్లేటు చూడలేదూ నువ్వు? మాటలతో నింపుతాడు, ముక్క నోట్లో పెట్టడు. వెళ్ళినది వెళ్ళినట్టే తిరిగొస్తోంది. ఎదురుగా ఎవరైనా కడుపారా తింటుంటే చూసైనా తింటాడేమోనని క్యాంటీనంతా వెతికాను. నాలుగు రొట్టెలు, రెండు హెర్రింగ్ చేపలు తిని, ఇంకా ఉందా అన్నట్టు చూసే పిల్లవి నువ్వొక్కదానివే."

నేను జేబులోంచి పడవ టికెట్ తీసి చూసుకున్నాను.

"నిన్న సగం రొట్టె తిన్నాడు" అంది ఆవిడ మళ్ళీ కత్తి అందుకుంటూ. "సరే, నువ్వెళ్ళిపోతున్నావుగా. సోమవారం నుంచి ఎవర్ని వెతకాలో ఏమో. నేను చెప్పానని మాత్రం వాడితో అనకు. సిగ్గుతో చచ్చిపోతాడు."

ఆ సాయంత్రం పడవ నేను లేకుండానే వెళ్ళింది.

సోమవారం ఆవిడ పిలవకముందే నేనే వెళ్ళి ప్రెబెన్ ఎదురుగా కూర్చున్నాను. పొగబెట్టిన చేప ఉన్న నా రొట్టె ఒకటి తీసి అతని ప్లేటులో పెట్టాను. "మా ఊరి పొగచేప. మా నాన్న పంపించాడు. తింటావా, వెనక్కి లాక్కోనా?" అన్నాను, పూర్తి ద్వీపం యాసలో. అతను నవ్వలేదు. తిన్నాడు. క్రిస్మస్ దాకా పట్టింది గానీ, ఒకరోజు తనే వాళ్ళమ్మ సంగతి చెప్పాడు. ఆ రోజు ఇద్దరం మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టాం. వసంతంలో నా రెండు పరీక్షలూ అతనే దగ్గరుండి చదివించి పాస్ చేయించాడు. తర్వాతెప్పుడూ అతను నా యాసని వెక్కిరించలేదని చెప్పను. రోజూ వెక్కిరించేవాడు. కానీ వేరేవాళ్ళని మాత్రం వెక్కిరించనిచ్చేవాడు కాదు.

పన్నెండేళ్ళ తర్వాత ఫ్రూ గ్రామ్ ఉద్యోగం మానేస్తున్న రోజున పాత విద్యార్థులం చాలామందిమి వెళ్ళాం. నేను మా ద్వీపంలో టీచర్నయ్యాను. ప్రెబెన్ జట్లండ్‌లో ప్రొఫెసరయ్యాడు. జుట్టు పోయింది, సిల్కు పట్టీ మిగిలింది. ఇంక చెప్తే ఏంలే అని, వంటగదిలో ఆవిడ నాతో అన్న మాటలు ఆ రోజు అతనికి చెప్పేశాను.

అతను చెంచా కింద పెట్టేశాడు. "నాకోసమా? నిన్ను నాకోసం పెట్టిందా?"

"అవును మరి."

"ఆస్లౌ, నీకు క్రోమియం పడిన మొదటిరోజున నన్ను వంటగదిలోకి పిలిచి ఏమందో తెలుసా? 'ఆ ద్వీపం పిల్ల ఊరెళ్ళిపోయేట్టుంది నాన్నా. నోట్లోంచి మాట రావట్లేదు. క్యాంటీన్‌లో నిన్ను మించిన వాగుడుకాయ లేడు, ఎదురుగా కూర్చుని ఎలాగోలా మాట్లాడించు. కోపం తెప్పించైనా సరే. నేను చెప్పానని దానితో అనకు, సిగ్గుతో చచ్చిపోతుంది' అంది. చేప రాగం గురించి అడిగింది అందుకే!"

మా మాటలు విన్న పక్కబల్ల వాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "నీకేం చెప్పింది?" "ముందు నీకేం చెప్పిందో చెప్పు." అలా బల్లబల్లకీ పాకింది. ముసలి ప్రొఫెసర్ హోల్బెక్ గొంతు సవరించుకుని, "నాతో అయితే, మూడో ఏడాది కుర్రాడెవడో ఒంటరిగా..." అని సగంలో ఆగి, కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

అందరం కలిసి వంటగది మీద పడ్డాం. ప్రెబెన్ నడుం మీద చేతులేసుకుని నిలదీశాడు. "నిజం చెప్పండి ఫ్రూ గ్రామ్. నాకోసం తననా, తనకోసం నన్నా?"

ఆవిడ చెవుల దాకా ఎర్రబడింది. ఆవిడ తడబడటం మేం చూసింది అదొక్కసారే.

"నాకేం తెలుసు? ఇంతమందికి వండేదాన్ని, ఎవరితో ఏమన్నానో గుర్తుంటుందా? మీరిద్దరూ శుభ్రంగా తిన్నారు. ఏమీ మిగలని ప్లేట్లు, కడగడం తేలిక. అంతే!"

ఇంక ఏమడిగినా చెప్పదని తెలిసి, ఆ మధ్యాహ్నం ప్లేట్లు కడిగే పని ప్రెబెనూ నేనూ తీసుకున్నాం. అతను కోటు విప్పి, చేతులు మడిచి, నురగలో మోచేతులదాకా దిగాడు. ఆవిడ స్టూలు మీద కూర్చుని, అతను కడిగిన ప్రతి ప్లేటునీ వెలుతురుకి ఎత్తి చూస్తూ, "ప్రొఫెసరట! ఆవపిండి మరక వదిలించడం రాదు" అని తృప్తిగా తిట్టుకుంటూ, చాలాసేపు అలాగే కూర్చుంది.