తలుపేసుకుని చేసిన ప్రార్థన

చదువు రాక చెడినవాళ్లను మీరు చాలామందిని చూసుంటారు. చదువొచ్చి చెడినదాన్ని చూడాలంటే నన్ను చూడండి. ఒక మంగళవారం మధ్యాహ్నం, పావుగంటలో, మా పేటలో నాకు పరువన్నది మిగల్లేదు.

యాభై రెండేళ్ల వయసులో పాస్టరమ్మగారి దగ్గర అక్షరాలు దిద్దాను. కూడబలుక్కుంటూ సువార్త మొదలుపెట్టి, ఒక వాక్యం దగ్గర బురదలో బండిలా దిగబడిపోయాను. ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవాలట. మరి ఇన్నేళ్లుగా మేం షామియానా వేసి, మైకు పెట్టి చేస్తున్నదేమిటి? ఇంకొన్ని పేజీలు తిప్పితే, అందరూ ఒక్కచోట కూడి ప్రార్థించారని ఉంది. ఒకచోట తలుపెయ్యమనడం, ఇంకోచోట అందరూ రమ్మనడం. కొత్తగా చదువొచ్చినవాళ్ల జబ్బే నాకూ ఉంది కదా, మొదట చదివినదాన్నే ఉడుంలా పట్టుకున్నాను.

ఆ మంగళవారం స్త్రీల కూడిక మా ఇంట్లో. హాలు చాలక సగం మంది వీధరుగు మీద కూర్చున్నారు. వాళ్ల కోసం గుమ్మంలో స్పీకరు. ముందు వరసలో మా తోడికోడలు మార్తమ్మక్క. ఆవిడ నాతో మాట్లాడి ఆరు నెలలైంది. తన పుంజు కనబడకపోతే "నీ దొడ్లోకే వచ్చింది" అంది. "నేను చూళ్లేదు" అన్నాను. అంతే. ఆ కూడికలోనైనా మమ్మల్ని కలపాలని పాస్టరమ్మగారు ఆవిడను బలవంతంగా తీసుకొచ్చారు. నాకూ లోపల అదే ఆశ.

పాటయ్యాక పాస్టరమ్మగారు మైకు నా చేతిలో పెట్టారు.

"సుగుణమ్మగారూ, ప్రార్థన మీరు చెయ్యండి."

"ఇక్కడాండీ? నలుగురిలో చెయ్యకూడదని రాసుందండి."

"అది నలుగురూ చూడాలని చేసేవాళ్లకి చెప్పిందమ్మా. కలిసి చేసుకోవద్దని కాదు."

"తలుపు వేసుకోమని ఉందండి. నేను చదివేనండి."

"ఆయ్, చదివేరండి. పేటంతా తెలుసండి" అంది అరుగు మీద నుంచి ఒకావిడ.

నాకు పౌరుషం వచ్చింది. కొత్త పెళ్లికూతురిలా తలవంచుకుని పడగ్గదిలోకి వెళ్లి, గడియ పెట్టి, మంచం పక్కన మోకాళ్లూనాను. మైకు చేతిలోనే ఉంది. తీగ లేని మైకు గోడల్ని లెక్కచెయ్యదన్న పాఠం దాకా నా చదువు ఇంకా రాలేదు.

"ప్రభువా, మనిద్దరమే కాబట్టి చెబుతున్నాను. ఆ పుంజుని కోసింది నేనే. మాదే అనుకున్నాను. కోసేక చూసేను, దాని కాలికి అక్క కట్టిన ఎర్రదారం. అప్పటికే మసాలా నూరేసేను, ఏం చెయ్యను? పుంజు పోయిందని ఆవిడకి తెలియకముందే ఓ గిన్నెడు కూర పంపేను. బాగుందని కబురు పెట్టింది తండ్రీ. అక్క మాట్లాడకపోతే నాకు ఏమీ తోచట్లేదు. మమ్మల్ని కలుపు. పుంజు సంగతి మాత్రం మన మధ్యే ఉంచు. ఆమేన్."

"ఆమేన్" అన్నారు బయట నలభై మంది.

చేతిలో ఉన్న మైకు వంక అప్పుడు చూసి, కొంగుతో కప్పేసి లేచాను. తలుపు తీస్తే ఎదురుగా మార్తమ్మక్క.

"అయితే నేను తిన్నది నా పుంజునేనేంటే?"

"ఆయ్, అక్కా."

"ఆరు నెల్లనించి ఆ కూరకి నోరూరుతున్నా, పంతానికి పోయి అడగలేకపోయేను. రేపు ఇంకోటి పంపుతాను, వండు."

"చూసేరా, నలుగురిలో చేసిన ప్రార్థనకి ఎంత తొందరగా జవాబొచ్చిందో" అన్నారు పాస్టరమ్మగారు.

"తలుపేసుకునే చేసేనండి" అన్నాను.

అప్పట్నుంచి ఆ రెండు వాక్యాలకూ పేచీ ఉందని నేను అనను. రెండింటినీ ఒకే ప్రార్థనలో నెరవేర్చినదాన్ని. ఒట్లు పెట్టుకోవద్దని కూడా రాసుంది కాబట్టి, మీ అందరి ముందూ మాట మాత్రం ఇస్తున్నాను: నా ఊపిరి ఉన్నంతవరకూ, ఏ కోడినైనా కొయ్యకముందే దాని కాళ్లు చూస్తాను.