కొండవాలు మీద సున్నపు చుక్కలు

ఆదివారం, కార్తీకమాసం. కొండ దగ్గర ఉన్నవాళ్లు: అక్క, బావ, బావ వాళ్ల నాన్న, నేను.

మొన్న మదనపల్లె నుంచి కుప్పం వెళుతూ, పుంగనూరు దాటాక బస్సు కిటికీలోంచి ఒక కొండవాలు మీద ట్రాక్టరుతో గడ్డి కోస్తుండటం చూశాను. బండి బోల్తాపడినా నలిగిపోకుండా డ్రైవరు తలపైన ఇనుప కమాను, నడుముకు బెల్టు. ఎన్నో ఏళ్ల కిందట నా డైరీలో రాసుకున్న పై వరుసలు వెంటనే గుర్తొచ్చాయి.

అప్పట్లో నేను మదనపల్లెలో కొత్తగా గుమాస్తా ఉద్యోగంలో చేరి, సెలవు దొరికితే చాలు పుంగనూరు పక్కన అక్కావాళ్ల ఊరికి పరుగెత్తేవాణ్ణి. వాళ్ల మామిడితోట కొండవాలు మీద ఉండేది. వానలు ఆగాక చెట్ల మధ్య నడుమెత్తు గడ్డి ఎండిపోయేది, గొర్రెలు కాసేవాళ్ల బీడీ నిప్పు ఒక్కటి పడితే తోటంతా బూడిదే కనుక ఏటా కొడవళ్లతో కోయించేవారు. ఆ ఏడు బావ ట్రాక్టరుకు గడ్డి కోసే మిషను తగిలించుకొచ్చాడు.

నేను సరదాపడి చక్రం పైనున్న మడ్‌గార్డు మీద ఎక్కబోతే, "నువ్వు ఆఫీసు కుర్చీలో కూసోప్పా, ఈడ ఎవురూ ఎక్కగూడదు" అని దింపేశాడు. అంత జాగ్రత్త తెలిసినవాడే. కానీ మా సీమ రైతుకు పుట్టుకతో వచ్చిన పద్ధతి వాలుకు అడ్డంగా దున్నడం. పడిన చినుకు చాళ్లలో ఆగాలి, మన్ను కొట్టుకుపోకూడదు. ఇది దున్నడం కాదు, కోయడం అని, నిటారు వాలులో అడ్డంగా పోతే బండి పల్లానికి బోల్తాపడొచ్చని ఎవరికీ తట్టలేదు. బావ వాళ్ల నాన్న, నాకు మామ వరస, కింద నుంచి "అడ్డంగా తోలురా" అని కేకేశాడు. బావ అలాగే తోలాడు.

కొంతసేపటికి గడ్డిలో కనబడని, అడవిపంది తవ్విన గుంతలోకి కిందివైపు పెద్ద చక్రం దిగింది, పైవైపు చక్రం నేల వదిలి లేచింది. అంత బరువైన ఇనుము అంత నిదానంగా లేవడం నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు. మట్టిపెళ్లలు రాలుస్తూ ఆకాశంలో ఊరికే తిరుగుతున్న ఆ చక్రం పక్కన, ఒరిగిపోయిన బావ చిన్నపిల్లాడంత కనబడ్డాడు. అక్క గోళ్లు నా భుజంలో దిగాయి. బావ దూకలేదు, బ్రేకు తొక్కలేదు. నిద్రపోయే బిడ్డను పక్కకు ఒత్తిగిల్లబెట్టినట్టు, స్టీరింగును మెల్లగా పల్లం వైపుకే తిప్పాడు. ట్రాక్టరు ముక్కు కిందికి మళ్లింది, చక్రం నేలకు ఆనింది, బండి గేరులోనే నింపాదిగా మా దగ్గరికి దిగొచ్చింది.

"యాలమ్మే ఏడుస్తాండావు, ఈడనే ఉండాను గదా" అని బావ నవ్వబోయాడు గానీ, స్టీరింగు మీద నుంచి చేతులు రాలేదు.

అక్క కళ్లు తుడుచుకుని, "మామా, రేపు గూడా అడ్డంగానే తోలమంటావా?" అని అడిగింది. ఆయనకు ఎదురుగా గొంతెత్తడం అదే మొదలు. ఆయన పొద్దుగూకేదాకా కొండనే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున మేం వెళ్లేసరికి మామ చెప్పులు కింద విడిచి, గడ్డిలో నేలను పాదంతో తడుముకుంటూ వాలు ఎక్కుతున్నాడు. అక్క సున్నపునీళ్ల బకెట్టు పట్టుకుని వెనకే నడిచింది. ఆయన పాదం ఆగిన ప్రతి గుంత దగ్గరా, రాయి దగ్గరా, బండి మీది బావకు దూరం నుంచే కనబడేలా చీపురుతో సున్నం చిలకరించింది. ఆ తర్వాతే బావ, ముక్కు పైకి లేవకుండా బండిని వెనక్కి నడుపుతూ పైకెక్కించి, నిలువునా కోసుకుంటూ దిగాడు. మరీ నిటారుగా ఉన్న పైభాగాన్ని కొడవళ్లకే వదిలేయమని మామ చెప్పాడు.

ఇనుప కమాను, బెల్టు వచ్చాయి, ఎంతో మంచిదైంది. అయినా మొన్న బస్సు మలుపు తిరిగేదాకా ఆ కొండ మీద తెల్లచుక్కల కోసం వెతికాను. ఒక్కటీ కనబడలేదు.