గార్డు వైపు నుంచి లెక్క

ఆ ఆదివారం ఉదయం నడికుడిలో మా ఇంటి వరండాలో ఉన్నవి: నేను, నాన్న, అమ్మ, అమ్మ ఒళ్లో చేటెడు కందిపప్పు, నా ల్యాప్‌టాప్, అందులో మైక్రోస్కోప్ కింద తీసిన పద్నాలుగు చేపల ఫొటోలు, ఇంకా పంపని ఒక పట్టిక. చేపలు మాత్రం లేవు. అవి స్పిరిట్ సీసాల్లో, మా ప్రయోగశాల అల్మరాలో ఉన్నాయి. రైల్లో స్పిరిట్ తేకూడదు.

సముద్రం అడుగున బతికే చిన్న చేపలు ఏవి ఏ జాతివో తేల్చడం నా పని. మన కృష్ణలో ఇసుక దొందులు ఉంటాయే, వాటికి ఇవి సముద్రపు చుట్టాలు. ఈ పద్నాలుగూ అండమాన్‌లో ఒక దీవి పక్కన, నడుం లోతు నీళ్లలో, పగడపు ముక్కల కింద చిన్న వలకు చిక్కినవి. అన్నిటికన్నా పెద్దది నా చిటికెన వేలి గోరుకు రెండింతలు. స్పిరిట్‌లో రంగు పోతుంది కాబట్టి రంగును నమ్మం. రెక్కల్లో గొడుగు ఊచల్లా ఉండే సన్నటి పుల్లలు లెక్కపెడతాం. వీపు మీది రెండో రెక్కలో పది ఉంటే ఒక జాతి, పదకొండు ఉంటే మరో జాతి.

పదమూడు చేపలకు పది వచ్చాయి. ఏడో చేపకు పదకొండు. ఆ రెండో జాతి ఆ దీవి దగ్గర ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. సాయంత్రానికల్లా పట్టిక మా పరిశోధన గైడ్‌కు పంపాలి. ఆ తర్వాత సీసా మీద చీటీ నా పేరుతో ఉంటుంది. తప్పయినా నా పేరుతోనే ఉంటుంది.

"ఏందిరా, పొద్దున్నుంచి ఆ ఒక్కదాన్నే చూస్తన్నావు?" అంది అమ్మ. "పులుసులో వేస్తే గరిటెకి కూడా దొరకదు."

"దీనికి పదకొండు పుల్లలమ్మా. మిగతావాటికి పదే."

"అయితే ఏంది?"

"ఆ దీవి కాడ దీన్ని మొదట పట్టింది నేనే."

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన ముప్పై ఏళ్లు ఇక్కడి జంక్షన్‌లో నంబర్ టేకర్. గూడ్సు ఆగగానే దాని వెంట నడుస్తూ ఒక్కో వ్యాగన్ నంబరూ రాసుకోవడం ఆ ఉద్యోగం. ఇంజిన్ నుంచి చివరనుండే గార్డు పెట్టె దాకా ఒక లెక్క, తిరిగి వస్తూ ఇంకో లెక్క. రెండూ కలిస్తేనే సంతకం. ఆ రెండో నడక చేయమని ఆయన్ను ఎవరూ అడగలేదు. పల్నాడు ఎండల్లో కూడా ఆయన మానలేదు.

"గార్డు వైపు నుంచి లెక్కపెట్టావా?" అన్నారు.

"చేపకి గార్డేంది నాన్నా?"

"తోకరా. తోక కాడ్నుంచి రా."

పెన్సిలు మొన తెరకు తగలకుండా పట్టుకుని ఆయనే మొదలుపెట్టారు. మొదటి పుల్ల దగ్గరే ఆగిపోయారు.

"దీన్ని పెద్దది చెయ్యి. కొసలు కాదు, మొదలు చూపియ్యి. వ్యాగన్లు పైన చూసి లెక్కపెడితే చానా తప్పులొస్తయ్యి. ఒకదానికొకటి తగిలించే కప్లింగుల కాడ చూడాల."

పెద్దది చేశాను. చివరి రెండు పుల్లలూ ఒకే మొదలు నుంచి చీలినవి. అలా చీలినదాన్ని ఒకటిగానే లెక్కపెట్టాలి. ఈ నియమం నాకు తెలియనిది కాదు, జూనియర్లకు నేర్పింది నేనే. పదమూడు చేపలకు అలాగే లెక్కపెట్టాను కూడా. ఏడోదానికి మాత్రం, పదకొండు రావాలన్న ఆశతో, కొసలు లెక్కపెట్టాను.

"పదే," అన్నారు నాన్న.

అమ్మ నా మొహం చూసింది. "పదకొండని రాస్తే మాత్రం, ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాగా."

ఏడో చేప గడిలో పదకొండు చెరిపి పది వేశాను. మిగిలిన పదమూడింటినీ కూడా తోక వైపు నుంచి మళ్లీ లెక్కపెట్టాను. నేను చెబుతుంటే నాన్న కాగితం మీద రాశారు, అంకెకూ అంకెకూ మధ్య ఒకే ఎడంతో. భోజనాలు మూడింటికి అయ్యాయి. పట్టికలో ఒక్కో చేపకూ ఇంకో గడి చేర్చి పంపాను: తల వైపు నుంచి ఒక లెక్క, తోక వైపు నుంచి ఒక లెక్క.

రెండో గడి ఎందుకని గైడ్ ఫోన్ చేసి అడిగారు. నాన్న ఉద్యోగం సంగతితో సహా చెప్పాను. ఇప్పుడు మా ప్రయోగశాలకు ఏ చేప వచ్చినా, ఆ రెండు గడులూ నిండాకే చీటీ రాస్తారు. మొదటి గడి అందరిదీ. రెండోది మా ఇంటిది.

ఆ రోజు పంపిన లెక్క: చేపలు పద్నాలుగు, జాతి ఒకటి.